గప్పీ పిల్లలు ఫిల్టర్ గొట్టంలోకి పోకుండా

నమస్కారమండీ. మీ చేపల తొట్టిలో గప్పీ అనే చిన్న చేపల పిల్లలు రోజురోజుకూ తగ్గిపోతున్నాయని, ఫిల్టర్ విప్పితే లోపల మూడు ప్రాణాలతో దొరికాయని రాశారు. అప్పుడే పుట్టిన గప్పీ పిల్ల సాధారణంగా సెంటీమీటరు పొడవైనా ఉండదు కనుక, ఫిల్టర్‌తో వచ్చే గొట్టం చీలికలు దానిని ఆపలేవు.

గొట్టం చివర ముతక రంధ్రాల స్పాంజి తొడగడమే నేను నమ్మే పరిష్కారం. నీరు లోపలికి వెళ్లే వైశాల్యం పెరగడం వల్ల ఏ ఒక్కచోటా లాగుడు బలంగా ఉండదు. పైగా స్పాంజి మీద పేరుకున్న సూక్ష్మజీవులను పిల్లలు ఏరుకొని తింటాయి. కొందరు నైలాన్ మేజోడు కడతారు గానీ, అది త్వరగా మూసుకుపోయి పంపుకు నీరందక మోటారు పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, ఒకటి రెండు రోజుల అవసరానికే వాడండి.

స్పాంజిని వారానికొకసారి, నీరు మార్చేటప్పుడు బయటకు తీసిన తొట్టి నీటిలోనే పిండి కడగండి. కుళాయి నీటిలోని క్లోరిన్, చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషమైన అమ్మోనియాను హరించే బాక్టీరియాను చంపుతుంది.

తల్లి గప్పీలు కూడా పిల్లలను తింటాయి కనుక, నాచు దట్టంగా వేయడం మరవకండి. ఇక పెద్ద చేప గొట్టానికి అతుక్కొని కనిపిస్తే మాత్రం ముందుగా నీటిలో అమ్మోనియా, దాని నుంచి ఏర్పడే మరో విషం నైట్రైట్ ఉన్నాయేమో పరీక్షించండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప మామూలు ఫిల్టర్ లాగుడుకు సాధారణంగా లొంగదు.