నిద్రమాత్రకు కొత్త చీటీ ఎందుకు అడుగుతున్నారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 67 ఏళ్ళు. మూడేళ్ళ కిందట నాన్నగారు పోయాక నిద్ర పట్టడం లేదంటే ఒక డాక్టరు ఆల్ప్రజోలం 0.5 మి.గ్రా. మాత్ర రాశారు. అప్పటి నుంచి అదే చీటీ చూపించి తెచ్చుకుంటున్నాం. పోయిన వారం వేరే షాపుకి వెళ్తే కొత్త చీటీ తెస్తేనే ఇస్తానన్నాడు. పైగా అమ్మ పేరు, డాక్టరు పేరు రిజిస్టర్‌లో రాయాలట. జ్వరం మాత్రలు, గ్యాస్ మాత్రలు మాత్రం అడగ్గానే ఇచ్చాడు. ఇది చట్టమా, షాపువాళ్ళు పెట్టుకున్న రూలా? మా తమ్ముడేమో ఆ మాత్ర మానేసి మూలికల పొడి వాడమంటున్నాడు, అది మందు కాదు కాబట్టి ఏమీ చేయదంటున్నాడు. ఇంట్లో ఇంకా నాలుగు మాత్రలే ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ నాలుగు మాత్రల సంగతి చూద్దాం. మూడేళ్ళుగా రోజూ వేసుకుంటున్న ఆల్ప్రజోలంని ఒక్కసారిగా ఆపకూడదు. అలా ఆపితే వణుకు, చెమటలు, విపరీతమైన ఆందోళన వస్తాయి, ఉన్న నిద్ర కూడా పోతుంది. కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. ఇంట్లో మీరే సగం, పావు చేసి తగ్గించే ప్రయత్నం కూడా వద్దు. మాత్రలు అయిపోకముందే, రేపో ఎల్లుండో అమ్మగారిని డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. ఫోన్‌లోనో వీడియో కాల్‌లోనో చూపించి చీటీ రాయించుకుందామంటే కుదరదు. మత్తుమందుల చట్టం పరిధిలోని మందుల్ని ఆన్‌లైన్ సంప్రదింపుల్లో రాయకూడదని 2020 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆల్ప్రజోలం ఆ కోవలోదే.

ఇక మీరడిగింది. అది చట్టమే. మన దేశంలో మందుల అమ్మకమంతా 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దాని కింద 1945లో వచ్చిన నిబంధనల ప్రకారం నడవాలి. మీకు మాత్ర ఇవ్వనన్న షాపతను చేసింది సరైన పని. మూడేళ్ళు అడక్కుండా ఇచ్చినవాళ్ళే తప్పు చేశారు. ఈ మాట కఠినంగా అనిపించవచ్చు, కానీ అమ్మగారు ఈ మాత్రకు ఇంతగా అలవాటు పడటానికి అది కూడా ఒక కారణం.

ఆ మాత్రల స్ట్రిప్ ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. మందు పేరున్న వైపు ఎడమ మూల ఎర్ర అక్షరాల్లో 'ఎన్ఆర్ఎక్స్' అని ఉంటుంది. అది మత్తుమందుల చట్టం కిందికి కూడా వస్తుందని దాని అర్థం. ఎర్ర గీతల పెట్టెలో ఒక హెచ్చరిక, అందులో 'షెడ్యూల్ హెచ్1' అనే మాట కనిపిస్తాయి. షెడ్యూల్ అంటే ఆ 1945 నిబంధనల్లోని ఒక జాబితా. ఈ హెచ్1 జాబితాని 2013లో ప్రకటించారు, 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మొదట్లో అందులో 46 మందులు ఉన్నాయి. వీటిని అమ్మినప్పుడు డాక్టరు పేరు, అడ్రసు, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చారో విడిగా ఒక రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు దాచాలి. మీ పేరు రాసుకోవడం అనుమానంతో కాదు. రాయకపోతే తప్పు అతనిది అవుతుంది.

ఈ జాబితాలో అమ్మగారి నిద్రమాత్ర పక్కనే టీబీకి వాడే రిఫాంపిసిన్, ఇన్ఫెక్షన్లకు వాడే సెఫిక్సిమ్ కూడా ఉన్నాయి. చూడగానే ఒకదానికొకటి సంబంధం లేనట్టు అనిపిస్తాయి. యాంటీబయాటిక్‌ని ఇష్టమొచ్చినట్టు వాడితే మొండి క్రిములు తయారై, ఆ నష్టం వేసుకున్న మనిషితో ఆగకుండా చుట్టుపక్కల వాళ్ళకూ తగులుతుంది. ఆల్ప్రజోలం, నొప్పికి వాడే ట్రమడాల్ లాంటివి అలవాటుగా మారి వేసుకున్న మనిషినే పట్టుకుంటాయి. కారణాలు వేరైనా కాపలా ఒకటే.

హెచ్1 కంటే ముందు నుంచీ షెడ్యూల్ హెచ్ ఉంది. చాలా బీపీ మందులు, ఎన్నో యాంటీబయాటిక్స్ అందులోనివే. వాటికీ చీటీ తప్పనిసరి. వీటన్నిటికంటే కఠినమైనది షెడ్యూల్ ఎక్స్, ఆపరేషన్లప్పుడు మత్తు ఇవ్వడానికి వాడే కెటమిన్ లాంటి మందులది. దానికి చీటీ రెండు కాపీలు కావాలి, ఒకటి షాపువాళ్ళు రెండేళ్ళు దాచాలి.

మరి జ్వరం మాత్ర ఎలా ఇచ్చాడంటారా? మామూలు పారాసిటమాల్ మాత్ర ఈ జాబితాల్లో లేదు. చీటీ లేకుండా కొనుక్కునే మందుల్ని 'ఓటీసీ' అని అందరం అంటాం కానీ, మన చట్టంలో ఆ మాటకు నిర్వచనమే లేదు. చీటీ కావాల్సిన జాబితాల్లో లేనిది చీటీ లేకుండా అమ్మవచ్చు, అంతే. వెయ్యికి మించని జనాభా ఉన్న పల్లెల్లో పారాసిటమాల్, నొప్పి బామ్ లాంటి కొన్నింటిని లైసెన్సు లేని దుకాణాల్లో కూడా కొన్ని షరతులతో అమ్ముకోనిస్తుంది మినహాయింపుల జాబితా అయిన షెడ్యూల్ కె. గ్యాస్ మాత్ర పేరు మీరు రాయలేదు. మామూలు యాంటాసిడ్ అయితే ఫరవాలేదు. పాంటోప్రజోల్ అయితే మాత్రం అదీ షెడ్యూల్ హెచ్ మందే, అడగ్గానే ఇవ్వకూడదు.

పాత చీటీ ఎందుకు పనికిరాదో కూడా చెబుతాను, ఎందుకంటే నా దగ్గరకు మడతలు చిరిగి, అక్షరాలు మాసిపోయిన చీటీలు పట్టుకుని ఎంతోమంది వస్తారు. ఇలాంటి మందుల చీటీకి ఒక్కసారే మందు ఇవ్వాలి. మళ్ళీ ఇవ్వవచ్చని డాక్టరు రాస్తేనే, రాసినన్ని సార్లే ఇవ్వాలి. ఇచ్చిన ప్రతిసారీ షాపు పేరు, అడ్రసు, తేదీ ఆ చీటీ మీద వేయాలి. మీ చీటీ మీద అలాంటివి ఏమైనా ఉన్నాయా, చూడండి. చీటీలో రాసిన షెడ్యూల్ హెచ్ మందుకు బదులు, అదే మందని చెప్పి వేరే కంపెనీది ఇవ్వడానికి కూడా షాపువాళ్ళకు అధికారం లేదు.

మీ తమ్ముడుగారి మాట దగ్గరకొస్తే, చట్టం మందుని దాని రూపాన్ని బట్టి కాదు, దాన్ని దేనికి వాడతారన్నదాన్ని బట్టి నిర్వచిస్తుంది. జబ్బుని గుర్తించడానికి, తగ్గించడానికి, రాకుండా చూడటానికి వాడేదల్లా మందే. దోమలు కుట్టకుండా ఒంటికి రాసుకునే క్రీమ్, మందు నింపే ఖాళీ క్యాప్సూల్ కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీపీ మిషన్ లాంటి వైద్య పరికరాలనూ అందులో చేర్చారు. ఆయుర్వేద మందులకు అదే చట్టంలో విడిగా నిర్వచనం ఉంది. వాటిని అమ్మడానికి లైసెన్సు అక్కర్లేదు కానీ తయారు చేయడానికి తప్పకుండా కావాలి. అందుకే డబ్బా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఏమేం కలిపారో ఉండాలి. ఇవేవీ లేని పొట్లం అమ్మగారికి ఇవ్వకండి. లైసెన్సు ఉన్నదే అయినా, ఆల్ప్రజోలంతో కలిపి వాడేముందు డాక్టరుకు చెప్పండి. మత్తు రెట్టింపు కావచ్చు.

డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆ స్ట్రిప్, పాత చీటీ, అమ్మగారు వేసుకుంటున్న మిగతా మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. మాత్రని వారాలు, అవసరమైతే నెలల మీద కొద్దికొద్దిగా తగ్గించే పద్ధతి ఉంది, దాని గురించి అడగండి. నిద్ర పట్టకపోవడానికి నొప్పులో, రాత్రి పదేపదే మూత్రానికి లేవాల్సి రావడమో, నాన్నగారు పోయిన దిగులు ఇంకా తీరకపోవడమో కారణం కావచ్చు. వాటికి వేరే చికిత్స ఉంది. ఈ వయసులో ఈ మాత్ర వల్ల తూలి పడటం, తుంటి ఎముక విరగడం, మతిమరుపు ఎక్కువ. ఈ రెండు రాత్రులూ అమ్మగారు బాత్రూమ్‌కి లేచినప్పుడు పక్కన ఉండి చూడండి. గోడ పట్టుకుని నడుస్తున్నా, పొద్దున్న లేచాక మాట తడబడుతున్నా ఆ సంగతే డాక్టరుకు అన్నిటికంటే ముందు చెప్పండి.