లజానియాకు గాజు డిష్ కొనేముందు

చిరంజీవి అమ్మాయికి, గుంటూరు నుంచి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

వచ్చే ఆదివారం మీ అత్తమామలను, ఆడపడుచు కుటుంబాన్ని పటమటలోని మీ ఇంటికి భోజనానికి పిలిచావనీ, పన్నెండుగురికి లజానియా (పాస్తా షీట్లు, ఖీమా, సాస్, చీజ్ వరసలుగా పేర్చి ఓవెన్‌లో కాల్చేది) నీ చేతులతోనే చేయదలచావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. కొత్త కాపురంలో ఇంత పనికి పూనుకున్నందుకు నాకు ఎంతో గర్వంగా ఉంది. అయితే బీసెంట్ రోడ్డుకు వెళ్ళి, ఉన్నవాటిలోకెల్లా పెద్ద గాజు డిష్ కొంటానని అన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు.

ఖీమా వండడం, వైట్ సాస్ ఉండకట్టకుండా కలపడం నీకు నేను నేర్పనక్కరలేదు. నా దిగులంతా డిష్ గురించే. వచ్చేవాళ్ళను లెక్కపెట్టుకొని డిష్ కొనడం ఏమిటమ్మా? ముందు నీ ఓటీజీ (బల్ల మీద పెట్టే కరెంటు ఓవెన్) లోపల టేపు పెట్టి పొడవు, వెడల్పు కొలుచుకో. తలుపు మూసినప్పుడు డిష్‌కు నాలుగు వైపులా కనీసం అంగుళం ఖాళీ ఉండాలి; అప్పుడే వేడిగాలి చుట్టూ తిరుగుతుంది, నీ వేళ్ళకూ చోటుంటుంది. దుకాణంలో 9 × 13 అంగుళాలని చెప్పే డిష్‌కు చెవులు కూడా కలిపితే పొడవు ఇంకా పెరుగుతుంది కనుక, ఈ చెవి చివర నుంచి ఆ చెవి చివర దాకా కొలిచి చూడు.

ఆ తరువాత లోతు. అందరూ పొడవు వెడల్పులే అడుగుతారు గాని, లజానియా విషయంలో లోతే అసలు సంగతి. షీటు, ఖీమా, వైట్ సాస్, చీజ్ కలిపి ఒక్కో వరస దాదాపు అర అంగుళం మందం వస్తుంది. నాలుగు వరసలకు రెండు అంగుళాలు నిండిపోతాయి. పైన అర అంగుళమైనా వదలకపోతే సాస్ ఉడికి పొంగినప్పుడు అంచు దాటుతుంది. కాబట్టి మూడంగుళాల లోతున్నది దొరికితే అదే తీసుకో. రెండంగుళాలదే దొరికితే మూడు వరసలతో ఆపు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, మీ అమ్మ ముంజేతి మీది మచ్చ నూనె చిందడం వల్ల వచ్చిందని నువ్వు ఇప్పటికీ అనుకుంటున్నావు. అది నూనె వల్ల వచ్చింది కాదు. మీరు బ్రాడీపేటలో ఉన్న రోజుల్లో, నువ్వింకా బడికి వెళ్ళని వయసులో, మీ నాన్న స్నేహితులు భోజనానికి వస్తున్నారని మీ అమ్మ లజానియా మొదలుపెట్టింది. బల్ల మీద అందంగా ఉంటుందని ఒక వెడల్పాటి, లోతు తక్కువ గాజు డిష్ కొని తెచ్చింది. ఓటీజీలో అది ఆ గోడకూ ఈ గోడకూ తగులుతూ ఇరుకుగా కూర్చుంది. వచ్చేవాళ్ళకు చాలదేమోనని అంచుదాకా నింపింది. అరగంట గడిచేసరికి టమాటా సాస్ పొంగి కింది రాడ్ మీద పడి, వంటిల్లంతా పొగ కమ్మింది. మీ అమ్మ కంగారుగా స్విచ్ ఆపి, డిష్‌ను బయటకు లాగబోయింది. పక్కన చోటు లేదు, మసిగుడ్డతో సహా చేయి దూరలేదు. వేళ్ళ కొసలతో పట్టి లాగింది. డిష్ ఒక వైపుకు ఒరిగి, పైనున్న చీజ్, సాస్ జారి చేతి మీద పడ్డాయి. ఆ మంటతో పక్కనే ఉన్న గ్రానైట్ గట్టు మీద పెట్టేసింది. అప్పుడే తుడిచిన గట్టు, ఇంకా తడి ఆరలేదు. టప్పుమని డిష్ రెండు ముక్కలైంది. నువ్వు మీ అమ్మ కుచ్చిళ్ళు పట్టుకొని అక్కడే నిలబడి ఉన్నావు. నేను నీ రెక్క పట్టి ఇవతలకు లాగితే, పెద్దమ్మ కొట్టబోతోందనుకొని గుక్కపట్టి ఏడ్చావు. నీ పాదాల దగ్గర గాజు పెంకులు ఏరుతున్నప్పుడు నా చేతులు వణికాయి. మీ అమ్మది అజాగ్రత్త అని నేను ఏనాడూ అనలేదు. అంత శుభ్రంగా వంట చేసే మనిషి ఇంకొకరు లేరు. డిష్ కొలత కుదరకపోవడం వల్లే ఆ పూట అంత జరిగింది.

అందుచేత, 9 × 13 డిష్ నీ ఓటీజీలో సులువుగా పట్టకపోతే పంతానికి పోవద్దు. 8 × 8 అంగుళాల డిష్‌లు రెండు కొను. పెద్దదాని వైశాల్యం 117 చదరపు అంగుళాలు. చిన్నవి రెండూ కలిస్తే 128. అంటే పెద్దదానికని చెప్పిన పాళ్ళన్నీ ఈ రెండింటిలో చక్కగా సర్దుకుంటాయి, పన్నెండుగురికీ ముక్కలు వస్తాయి. పైగా అంత బరువును ఒక్కసారి ఎత్తవలసిన పని ఉండదు. ఒకదానిలో మాంసం లేకుండా పాలకూరతో చేస్తే, మీ అత్తగారికి మాంసం తినని రోజైనా ఇబ్బంది ఉండదు.

సత్తు ట్రేలు చవక అని తీసుకోకు. చింతపండు పులుసును సత్తు గిన్నెలో నిలవ ఉంచనట్లే, టమాటా సాస్‌నూ అందులో ఉంచకూడదు. పులుపు లోహాన్ని తినేసి రుచి మారుతుంది. పైన కప్పే ఫాయిల్ కూడా సాస్‌కు తగలకుండా గుడారంలా నిలబెట్టు. గాజు గాని, పింగాణీ గాని మంచిది. ఓవెన్‌కు పనికివస్తుందని దాని మీద రాసి ఉందో లేదో చూడు. ముందురోజే సర్ది ఫ్రిజ్‌లో పెట్టదలిస్తే, ఆ చల్లని గాజును కాగిన ఓవెన్‌లోకి నేరుగా పంపవద్దు. బయటకు తీశాక పొడిగా ఉన్న మందపాటి గుడ్డ మీదనే దించు. ఓవెన్‌లో డిష్ కింద ఒక వెడల్పాటి ట్రే పెట్టడం మాత్రం మరువకు.

దుకాణానికి వెళ్ళేటప్పుడు పెట్టెలోని లజానియా షీటు ఒకటి సంచిలో వేసుకొని వెళ్ళు. అక్కడే డిష్‌లో పరిచి చూడు. ఉడికించకుండా వాడే షీటైతే అది సాస్ పీల్చి పెరుగుతుంది కనుక, అంచుల దగ్గర కొంచెం సందు మిగలాలి. కాల్చేటప్పుడు 190 డిగ్రీల సెల్సియస్ వద్ద ఫాయిల్ మూతతో నలభై నిమిషాలు, మూత తీసి పది నిమిషాలు ఉంచు; కోసే ముందు పావుగంట ఆగు.

ఓటీజీ లోపలి కొలతలు రేపటిలోగా నాకు ఫోనులో పంపు. అవి చూసి నేను సరేనన్న తరువాతే డబ్బు కట్టు. చేతులకు మోచేతి దాకా వచ్చే మందపాటి తొడుగులు ఒక జత నేను గుంటూరులో కొని మీ నాన్నతో పంపిస్తున్నాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ