బయటి కంపెనీ ఆయిల్ ఫిల్టర్ వేస్తే ఇంజిన్‌కు ఆయిల్ సరిగ్గా అందదా?

ఆయిల్ మార్పిస్తూ కంపెనీ ఫిల్టర్ తీసి ఆఫ్టర్‌మార్కెట్‌ది వేయించినప్పటి నుంచి పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు టకటకమని చప్పుడు వస్తోందన్నారు. లోపలి వడపోత పేపర్ మందంగా ఉండి ఆయిల్‌ని ఆపేస్తోందని ఎవరో చెప్పారట, ఈ ఫిల్టర్ తీసేసి వేరేది వేయాలా అని మీ ప్రశ్న. మార్చేయండి. కానీ మీకు చెప్పిన కారణం మాత్రం తప్పు.

ఇంజిన్‌లో ఉండేది గేర్ పంపో రోటర్ పంపో. ఒక్కో చుట్టుకి ఇంత అని కొలిచి పోసినట్టు ఆయిల్‌ని ముందుకు నెడుతుంది. దారిలో అడ్డు పెరిగితే తక్కువ నెట్టదు, అంత ఆయిల్‌నే ఇంకాస్త ఒత్తిడితో నెడుతుంది. కాబట్టి బేరింగులకు చేరే ఆయిల్ తగ్గాలంటే అది మధ్యలో ఎక్కడో పక్కదారి పట్టాలి. ఆ దారి పంపు దగ్గరుండే రిలీఫ్ వాల్వ్, ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకుని కొంత ఆయిల్‌ని వెనక్కి వదిలేస్తుంది. ఆయిల్ వేడెక్కి, ఇంజిన్ ఐడిల్‌లోనో మామూలు వేగంలోనో ఉన్నప్పుడు ఆ వాల్వ్ సాధారణంగా మూసే ఉంటుంది. అప్పుడు ఏ ఫిల్టర్ వేసినా ఇంజిన్‌కు అందే ఆయిల్‌లో తేడా దాదాపు ఉండదు. తేడా కనిపించే అవకాశం ఉన్నది ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర, లేదా ఆయిల్ బాగా చల్లగా ఉన్నప్పుడు.

ఆ రెండు సందర్భాల్లో కూడా ఆయిల్ ఆగకుండా ఫిల్టర్‌లో బైపాస్ వాల్వ్ ఉంటుంది (కొన్ని ఇంజిన్లలో ఇది ఫిల్టర్‌లో కాక బ్లాక్‌లోనే ఉంటుంది). పేపర్‌కి అటూ ఇటూ ఒత్తిడి తేడా ఒక హద్దు దాటగానే అది తెరుచుకుని ఆయిల్‌ని వడకట్టకుండానే పంపేస్తుంది. చాలా ఇంజిన్లకు ఆ హద్దు 1 బార్‌కి అటూ ఇటూగా ఉంటుంది, కొన్నిటికి 1.5 బార్ పైన. వడకట్టని ఆయిల్ కాసేపు తిరిగితే ఇంజిన్ తట్టుకుంటుంది, ఆయిలే అందకపోతే బేరింగులు నిమిషాల్లో పోతాయి.

అసలు ఫిల్టర్ బ్రాండ్ కంటే ఆయిల్ వేడే పెద్ద తేడా తెస్తుంది. 5డబ్ల్యూ-30 ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 9.3 నుంచి 12.5 సెంటిస్టోక్స్ మధ్య ఉండాలి. అదే ఆయిల్ 40 డిగ్రీల దగ్గర 60 ప్రాంతంలో ఉంటుంది. పేపర్ దగ్గర పోయే ఒత్తిడి చిక్కదనంతో పాటే పెరుగుతుంది కనుక, వేడి మీద 0.2 బార్ అడ్డు చూపే ఫిల్టర్ అదే ప్రవాహానికి 40 డిగ్రీల దగ్గర 1 బార్ దాటుతుంది. మంచి ఫిల్టరైనా ఇంతే.

మూతి దగ్గర రంధ్రాలు తక్కువున్నాయని ఫిల్టర్‌ని తీసిపారేసేవాళ్లూ ఉన్నారు. లెక్క వేసి చూడండి. 6 మిల్లీమీటర్ల రంధ్రాలు ఆరు ఉంటే మొత్తం 170 చదరపు మిల్లీమీటర్లు. ఫిల్టర్‌ని బిగించే స్టడ్ లోపలి దారి 12 మిల్లీమీటర్లు అనుకుంటే 113 మాత్రమే. అంటే ఇరుకు రంధ్రాల దగ్గర లేదు.

ఇక మీ టకటక. ఫిల్టర్ మార్చాకే మొదలైందంటే ముందు అనుమానించాల్సింది యాంటీ డ్రెయిన్‌బ్యాక్ వాల్వ్‌ని. రంధ్రాల వెనక కనిపించే రబ్బరు పొర అదే. ఇంజిన్ ఆగాక ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) జారిపోకుండా ఆపడం దాని పని. చవక ఫిల్టర్లలో అది మామూలు నైట్రైల్ రబ్బరు. వేడికి గట్టిపడి అంచు దగ్గర సరిగ్గా కూర్చోదు. రాత్రంతా ఆయిల్ జారిపోతే పొద్దున పంపు ముందు ఖాళీ ఫిల్టర్‌ని నింపాలి, ఆ తర్వాతే పైకి ఆయిల్ వెళుతుంది. మీకు వినిపించేది ఆ రెండు సెకన్లే. పక్కకి పడుకోబెట్టినట్టు, లేదా మూతి కిందికి ఉండేలా బిగించే ఫిల్టర్లలో ఇది ఎక్కువ. మూతి పైకి ఉండి డబ్బా కిందికి వేలాడే ఇంజిన్లలో డబ్బాయే ఆయిల్‌ని పట్టి ఉంచుతుంది. రాత్రంతా ఆగిన బండి నుంచి ఫిల్టర్ విప్పి చూడండి. దాదాపు ఖాళీగా ఉంటే వాల్వ్ పోయినట్టే. కొత్తది సిలికాన్ వాల్వ్ ఉన్నది తీసుకోండి.

కొనేటప్పుడు డబ్బా సైజు చూసి సరిపెట్టుకోకండి. మర, గ్యాస్కెట్ (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) వ్యాసం, బైపాస్ ఒత్తిడి మూడూ కలవాలి. ముఖ్యంగా మర: ఎం20×1.5 (20 మిల్లీమీటర్ల మర) ఫిల్టర్ 3/4-16 (ముప్పావు అంగుళం మర) స్టడ్ మీదికి వదులుగా ఎక్కేస్తుంది, బిగిసినట్టే అనిపిస్తుంది. స్టడ్ 19.05 మిల్లీమీటర్లే కాబట్టి మర పట్టు చాలదు. చల్లటి ఆయిల్ ఒత్తిడికి ఊడిందంటే ఆయిలంతా రోడ్డు మీదే.

బిగించే ముందు పాత గ్యాస్కెట్ ఇంజిన్‌కే అతుక్కుని లేదని వేలితో తడిమి చూడండి. రెండు గ్యాస్కెట్లు ఒకదాని మీద ఒకటి పడితే కారడం ఖాయం. కొత్త గ్యాస్కెట్‌కి ఆయిల్ రాసి, అది తగిలేదాకా తిప్పి, అక్కడి నుంచి చేత్తోనే ముప్పావు చుట్టు. డబ్బా మీద వేరేగా రాసి ఉంటే దాన్నే పాటించాలి. ముందుగా ఆయిల్ నింపాలనుకుంటే చుట్టూ ఉన్న రంధ్రాల్లో పోయండి. మధ్య రంధ్రం వడకట్టిన ఆయిల్ బయటికి వచ్చే వైపు, అక్కడ పోస్తే క్యాన్‌లోని నలుసు నేరుగా బేరింగుకి వెళుతుంది.

నిజంగా ఆయిల్ ఆగిపోయే సందర్భం ఒకటుంది. బైకుల్లో వేసే కొన్ని పేపర్ ఎలిమెంట్లకు (డబ్బా లేని ఫిల్టర్లు) ఒక వైపే రంధ్రం ఉంటుంది. వాటిని తిరగేసి పెడితే దారి మూసుకుపోతుంది, ఇంజిన్ పైభాగమైన హెడ్‌కి ఆయిల్ అందక, వాల్వుల్ని తెరిచే క్యామ్ అరిగిపోతుంది. రంధ్రం ఏ వైపుకి ఉండాలో సర్వీస్ మాన్యువల్లో చూసుకున్నాకే మూత పెట్టండి.

అనుమానం పూర్తిగా తీరాలంటే ఆయిల్ లైటుని వెలిగించే ప్రెషర్ స్విచ్ తీసి అక్కడ మెకానికల్ గేజ్ పెట్టండి. ఇరవై నిమిషాలు బండి నడిపి, ఐడిల్‌లోనూ 3000 ఆర్‌పీఎంలోనూ చూడండి. అదే ఆయిల్‌తో ఫిల్టర్ మార్చి మళ్లీ చూడండి. రెండుసార్లూ ఆయిల్ ఒకే వేడిలో లేకపోతే ఆ అంకెలకు విలువ లేదు.

తీసిన ఫిల్టర్‌ని కోసి చూడటం ఇంకా మేలు. హాక్సా వాడితే రజను మడతల్లో పడి ఇంజిన్ అరుగుదలలా కనిపిస్తుంది, ఫిల్టర్ కట్టరే వాడాలి. మడతలు ఒకదాని మీద ఒకటి కూలి ఉన్నా, పేపర్ అతుకు విడిపోయినా, బైపాస్ స్ప్రింగ్ వదులుగా ఉన్నా ఆ రకం మళ్లీ కొనకండి.

మీ విషయానికొస్తే ఆయిల్ కొత్తదే కాబట్టి దాన్ని దించాల్సిన పని లేదు, అది కింద సంప్‌లోనే ఉంటుంది. కింద ట్రే పెట్టి ఫిల్టర్ ఒక్కటే మార్చండి. ఇంజిన్ ఒక నిమిషం తిప్పి ఆపి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసి తగ్గినంత పోయండి. మామూలు కారుకి అది 200 నుంచి 400 మిల్లీలీటర్లు ఉంటుంది. కొత్త ఫిల్టర్‌తో కూడా రాత్రంతా ఆగాక అదే చప్పుడు వస్తే టైమింగ్ చైన్ టెన్షనర్‌నీ (చైన్‌ని బిగువుగా ఉంచేది) హైడ్రాలిక్ లిఫ్టర్లనీ (ఆయిల్ ఒత్తిడితో వాల్వుల దగ్గరి సందుని పూడ్చేవి) మెకానిక్‌కి చూపించండి. ఆయిల్ లైటు ఐదు సెకన్లు దాటినా ఆరకపోతే మాత్రం అక్కడే ఇంజిన్ ఆపేయండి.