మీ ప్రశ్న, లాయరు జవాబు: బార్ గుమ్మం మీద ‘51%’ బోర్డు

ప్రశ్న: మాది హిందూపురం. ఇప్పుడు బెంగళూరు బాణసవాడిలో ఉంటున్నాం. మా అబ్బాయికి డాలస్ దగ్గర ప్లేనోలో ఉద్యోగం, హెచ్1బి వీసా. శనివారాలు స్నేహితులతో బయట భోంచేస్తాడు. వాళ్ళలో ఒకతను చొక్కా కింద తుపాకీ పెట్టుకుని వస్తాడట! మొన్న ఒకచోట గుమ్మం దగ్గర ఎర్రగా ‘51%’ అని బోర్డు కనిపిస్తే, వెనక్కి వెళ్ళి దాన్ని కార్లో పెట్టి వచ్చాడట. మావాడికి ఇదంతా సరదాగా ఉంది. తనూ ఒకటి కొంటానంటున్నాడు. ‘ఇక్కడ లైసెన్స్ కూడా అక్కర్లేదమ్మా’ అంటున్నాడు. నాకు ఒకటే టెన్షన్. నిజమేనా సార్? – ఒక తల్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీవాడు చెప్పింది టెక్సస్ సంగతిగా నిజమే. తన సంగతిగా కాదు.

2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్ళు నిండి, తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవాళ్ళు పర్మిట్ లేకుండానే చేతి తుపాకీ పెట్టుకుని తిరగొచ్చు. ఆ అర్హత దగ్గరే మీవాడు ఆగిపోతాడు. హెచ్1బి, ఎఫ్1, విజిటర్ వీసా లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా కేంద్ర చట్టం చెబుతుంది. రాష్ట్రం ఎంత ఉదారంగా ఉన్నా ఇది మారదు. గరిష్ఠ శిక్షను 2022లో 10 ఏళ్ళ నుంచి 15 ఏళ్ళకు పెంచారు. తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపేయడానికి అదే చాలు. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళకు ఈ అడ్డు లేదు. ఆ స్నేహితుడు బహుశా ఆ కోవలోవాడే అయి ఉంటాడు. రేపు మీరు కొడుకును చూడడానికి వెళ్ళినా ఈ నిషేధం మీకూ వర్తిస్తుంది. షూటింగ్ రేంజ్‌లో ఫోటో కోసం పట్టుకోవడం కూడా వద్దు.

వేట లైసెన్స్ తీసుకుంటే కొనొచ్చని వాట్సాప్‌లో ఎవరో చెప్పే ఉంటారు. చట్టంలో ఆ మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ ఊళ్ళో కుందేలును కూడా తరమని మన పిల్లలు ఆ కాగితం పట్టుకుని ప్లేనోలో పిస్టల్ కొనడం నాకు నచ్చదు. దుకాణంలో నింపే ఫారంలో వీసా గురించి అడుగుతారు. అక్కడ తప్పు రాస్తే అది ఇంకో నేరం. అంత మోజే ఉంటే ముందు అక్కడి ఇమ్మిగ్రేషన్ లాయరుకు ఫీజు కట్టి, ఆయన మాట విన్నాక ఆలోచించమనండి.

ఇక ఆ బోర్డు. అక్కడే కూర్చుని తాగే మందు మీద 51 శాతం, లేదా అంతకు మించి ఆదాయం వచ్చే చోటికి టెక్సస్‌లో చేతి తుపాకీ తీసుకెళ్ళకూడదు. లైసెన్స్ ఉన్నా అంతే. ఆ వాటా లెక్క చూసేది అక్కడి మద్యం కమిషన్. బిర్యానీ, దోసెలు ఎక్కువ అమ్ముడై బీరు తక్కువ పోయే హోటల్ ఈ లెక్కలోకి రాదు. అక్కడ యజమాని వద్దంటూ వేరే బోర్డు పెడితే తప్ప తేవచ్చు. కానీ సొంత ఇల్లు, కారు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, మత్తులో ఉండి తుపాకీ మోస్తే నేరమే. అన్ని రాష్ట్రాలూ ఇలా లెక్కలు వేయవు. వర్జీనియాలో పర్మిట్ ఉన్నవాళ్ళు దాచుకుని రెస్టారెంట్‌కు రావచ్చు, చుక్క ముట్టకూడదు. జార్జియా 2014లో బార్లకూ తలుపు తెరిచి, కాదనే హక్కు యజమానికి వదిలింది. 2022లో అమెరికా సుప్రీంకోర్టు న్యూయార్క్ పాత పర్మిట్ చట్టాన్ని కొట్టేశాక, ఆ రాష్ట్రం వెంటనే కొత్తది తెచ్చి, కూర్చోబెట్టి మందు పోసే చోట్లన్నీ నిషేధంలో పెట్టేసింది.

నాకు అసలు భయం ఆ కారు గురించి. స్నేహితుడు తుపాకీ కార్లో పెట్టాడు, లోపల నాలుగు పెగ్గులు వేశాడు. తాగని వాడు ఎవడు? మీవాడు. తాళాలు వాడి చేతికొస్తాయి. దారిలో పోలీసు ఆపితే స్టీరింగ్ ముందు ఉన్నది హెచ్1బి కుర్రాడు, డ్యాష్‌బోర్డు అరలో తుపాకీ, అది అక్కడ ఉందని వాడికి తెలుసు. తెలిసి, చేతికందే చోట ఉంది కాబట్టి వాడి స్వాధీనంలో ఉన్నట్టేనని ప్రాసిక్యూటర్ వాదించొచ్చు. గెలుస్తాడా లేదా అన్నది తర్వాత, ముందు కేసు పడుతుంది కదా! ‘కాస్త పట్టుకోరా, బాత్రూంకి వెళ్ళొస్తా’ అన్నా అదే గొడవ. శనివారం క్యాబ్‌లో వెళ్ళమనండి. ఈ పేరా ఫోటో తీసి వాడికి పంపండి, తల్లి మాట కంటే లాయరు మాట బాగా వింటారు.

ప్రశ్న: మా బావగారు దేవనహళ్ళి వైపు సైట్ల వ్యాపారం చేస్తారు. లైసెన్స్ ఉన్న పిస్టల్ ఉంది. బార్‌లో తాగేటప్పుడు టేబుల్ మీద పెడతారు. ‘లైసెన్స్ ఉంది, ఎవడేం చేస్తాడు’ అంటారు. మా అక్కకు చెప్పే ధైర్యం లేదు. – ఒక చెల్లెలు, బెంగళూరు

జవాబు: చేసేవాళ్ళున్నారమ్మా. మన దగ్గర 51 శాతం లెక్కలు లేవు. 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం బహిరంగ ప్రదేశంలో పిస్టల్ దాని ఒరలోనే ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మోసేవాడి అదుపులో ఉండాలి. టేబుల్ మీద పెట్టిన క్షణమే మొదటి రెండూ పోయాయి. మూడో పెగ్గుతో మూడోదీ పోతుంది. నలుగురిలో ఝళిపించడం నిషేధం. ప్రజల భద్రతకు అవసరమనుకుంటే ఆయుధాల చట్టం 17వ సెక్షన్ కింద లైసెన్స్ ఆపొచ్చు, రద్దు చేయొచ్చు. బెంగళూరు నగరంలో ఆ అధికారం పోలీస్ కమిషనర్‌ది. పెళ్ళిలో హుషారెక్కి, ఎదుటివాళ్ళ ప్రాణాలు లెక్కచేయకుండా పేల్చినా 2019 సవరణ ప్రకారం రెండేళ్ళ వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.

1999లో ఢిల్లీలో ఒక పార్టీలో మందు అందిస్తున్న జెసికా లాల్‌ను కాల్చి చంపింది మందు పోయనన్నందుకే. తాగినవాడి చేతికి పిస్టల్ అందితే ఏమవుతుందో మీ అక్క ఊహించుకోవాల్సిన పని లేదు.

ఆయనతో వాదనకు దిగకండి. లైసెన్స్ గడువు ఎప్పుడో కనుక్కోండి. రెన్యువల్‌కు పోలీసుల రిపోర్టు కావాలి, బార్‌లో గొడవ జరిగినట్టు స్టేషన్‌లో ఒక్క ఎంట్రీ ఉన్నా చిక్కేనని మెల్లగా ఆయన చెవిన వేయించండి, వ్యాపారంలో ఆయన లెక్కచేసే పెద్దమనిషి ఎవరైనా ఉంటే ఆయనతో. ఈలోగా మీ కళ్ళముందే టేబుల్ మీద పెట్టి ఎవరితోనైనా గొడవకు దిగితే, బయటికి వచ్చి 112కి ఫోన్ చేయండి.