సంపుకి అరకిలోనా, చిటికెడా?

ప్రశ్న: మేడమ్, మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు నీళ్ళు మా కింది వాటాలోకి వచ్చేశాయి. నాలుగు రోజులు పై వాటావాళ్ళ దగ్గర తలదాచుకున్నాం. మా అత్తయ్యగారికి షుగరు, రెండు పూటలా పాలలా తెల్లగా ఉండే ఇన్సులిన్ వేస్తాం. కరెంటు లేదు కదా, మందు పాడైపోయి ఉంటుందని రెండు రోజులు మానేశాం. నీళ్ళు తగ్గాక మావారు చెప్పుల్లేకుండా సంపులోకి దిగి కడిగారు. పక్కవాళ్ళు చెబితే అరకిలో బ్లీచింగ్ వేశాం, ఆ నీళ్ళు నోట్లో పెట్టుకోలేకపోయాం. ఇంకొకరు చిటికెడు చాలన్నారు. మా సంపు ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు. ఇప్పటికీ నాలుగు చినుకులు పడితే టెన్షనే. ఏం సిద్ధంగా ఉంచుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు అత్తయ్యగారి సంగతి. మందు పాడైందన్న అనుమానంతో ఇన్సులిన్ ఆపేయడం చాలా ప్రమాదం. ఆవిడ క్షేమంగా బయటపడ్డారు, నాకు అదే సంతోషం. వాడుతున్న సీసా ఫ్రిజ్ లేకపోయినా, 30 డిగ్రీలు దాటని నీడపట్టున సుమారు నాలుగు వారాలు పనిచేస్తుంది. మా ఇంట్లో ఫ్రిజ్ లేని రోజుల్లో అమ్మ నాన్నగారి మందుని మూత ఉన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని చిన్న ముంతలో, ముంతని నీళ్ళు పోసిన మట్టికుండలో ఉంచేది. కుండకి తడిగుడ్డ చుట్టేది. నేను నర్సునయ్యాక ఎంతోమందికి ఆ పద్ధతే చెప్పాను. ఐసుముక్కల మధ్య మాత్రం పెట్టకండి, గడ్డకడితే ఇక పనికిరాదు. మీరు వాడే తెల్లరకాన్ని అరచేతుల మధ్య మెల్లగా దొర్లించండి. అంతా ఒకేలా కలవకుండా పలుకులు కనిపించినా, సీసా గోడకి తెల్లగా అంటుకున్నా పారేయండి. వరదనీళ్ళలో మునిగిన సీసా చూడడానికి బాగున్నా వాడొద్దు.

పడవలో వచ్చిన పులిహోర పొట్లం మీద గడిపిన రోజున మామూలు మోతాదు వేస్తే షుగరు పడిపోవచ్చు. తిండి తగ్గినప్పుడు ఎన్ని యూనిట్లు వేయాలో ఈ వారమే డాక్టరుగారితో కాగితం మీద రాయించుకోండి. చెమటలు, వణుకు వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

ఇక సంపు. అరకిలో అన్నవారిదీ తప్పు కాదు, కొంచెం చాలన్నవారిదీ తప్పు కాదు. ఒకటి సంపుని శుద్ధి చేసే లెక్క, రెండోది తాగే నీళ్ళ లెక్క. రెండూ కలిసిపోయి చాలా ఇళ్ళలో ఇదే గందరగోళం చూశాను.

మూడు కొలతలూ హెచ్చవేస్తే మీ సంపు 120 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28 లీటర్ల చొప్పున దాదాపు 3,400 లీటర్లు. వరద తర్వాత ముందు బురదనీళ్ళు పూర్తిగా తోడించి, గోడలు బ్రష్షుతో రుద్దించాలి. దిగేముందు మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వండి, మోటారు మెయిన్ ఆపండి, పైన ఒక మనిషి నిలబడి ఉండాలి. మూసి ఉన్న సంపులోకి తొందరపడి దిగి, గాలి ఆడక ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. కడిగాక నిండా నీళ్ళు పట్టి, వెయ్యి లీటర్లకి 150 గ్రాముల చొప్పున, అంటే మీకు అరకిలో, బ్లీచింగ్ కలపండి. ఒక రోజంతా ఉంచి ఆ నీళ్ళు మొత్తం పారబోయాలి. అవి తాగడానికి కాదు. మీరు చేయకుండా వదిలేసింది ఈ పారబోయడమే.

తర్వాత పట్టిన నీళ్ళకి వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు చాలు. వరద తర్వాత కొన్ని వారాలు రెట్టింపు వేయమంటాను, అంటే మీ సంపుకి 17 గ్రాములు. పొడిని నేరుగా చల్లకండి. ప్లాస్టిక్ బకెట్‌లో ముద్దలా కలిపి, నీళ్ళు పోసి, పది నిమిషాలు ఆగితే సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్ళే సంపులో పోసి, గంట ఆగాక వాడుకోండి. అప్పటికి కాస్త బ్లీచింగ్ వాసన ఉండాలి. నీళ్ళు మడ్డిగా ఉంటే మందు సరిగా పనిచేయదు, అందుకే తేరబెట్టాకే కలపాలి. తాగే నీళ్ళు కొన్నాళ్ళు మరగకాచుకోండి. పొట్లం విప్పి చాలాకాలమైన పొడికి బలం తగ్గిపోతుంది, కొత్తది తెచ్చి మూత బిగించి పెట్టండి. ఇంకొక మాట, బాత్రూం కడిగే యాసిడ్‌ని బ్లీచింగ్‌తో ఎప్పుడూ కలపకండి. ఆ విషవాయువు ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది.

మీవారు ఒట్టి కాళ్ళతో దిగారని చదివి నాకు బాధేసింది. ఆ వరదప్పుడు నేను రిటైరై ఉన్నా శిబిరంలో సాయానికి వెళ్ళాను. ఒకాయన జ్వరం, ఎర్రబడ్డ కళ్ళు, నడవలేనంత పిక్కల నొప్పితో వచ్చాడు. ఇంట్లో సామాను మోసిన అలసట అనుకుని నాలుగు రోజులు మాత్రలు మింగాడు. మేం పంపిన ఆస్పత్రిలో అది ఎలుక జ్వరమని, లెప్టోస్పైరోసిస్ అని తేలింది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ నుంచి, కాలి పగుళ్ళలోంచి, గాయాల్లోంచి ఆ క్రిమి లోపలికి వెళుతుంది. మామూలుగా వారం, రెండు వారాల్లో జ్వరం వస్తుంది, నెల వరకూ రావచ్చు. ఆ నెలలో జ్వరం వస్తే, డాక్టరు అడగకపోయినా 'వరదనీళ్ళలో తిరిగాను' అని చెప్పాలి. తొందరగా మొదలుపెడితే మందులు బాగా పనిచేస్తాయి. ముందుజాగ్రత్త మాత్రలు మాత్రం సొంతంగా కొనుక్కోకండి. గర్భిణులకీ చిన్నపిల్లలకీ అవి అందరిలా ఇచ్చేవి కావు.

పై వాటాలో ఒక సంచి తగిలించి ఉంచండి: రెండు వారాల మందులు, సిరంజిలు, గ్లూకోమీటరు, స్ట్రిప్పులు, పంచదార, ఓఆర్‌ఎస్ పొట్లాలు, క్లోరిన్ బిళ్ళలు, టార్చి, డాక్టరు రాసిన కాగితం జిరాక్సు. ఇన్సులిన్ ఫ్రిజ్‌లోనే ఉంటుంది కాబట్టి సంచి మీద ‘ఇన్సులిన్ తీసుకోవాలి’ అని పెద్ద అక్షరాలతో రాయండి. సంపు మూత లోపలివైపు 3,400 లీటర్లు, 17 గ్రాములు అని పెయింటుతో రాయించండి. మీవారికి మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు ఈ వానాకాలం లోపే కొనండి.