రాత్రంతా దోమల మందు, మధ్యలో తెగిపోతున్న నిద్ర

కిటికీలు మూసేసి, తల పక్కనే దోమల లిక్విడ్ మెషీన్ తెల్లవార్లూ పెడుతున్నామని, నడిరాత్రి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టడం లేదని, పొద్దున లేస్తే తలనొప్పి అని రాశారు కదండీ. ముందు ఆ మెషీన్‌ను మంచం దగ్గర నుంచి తీసేయండి.

వాటిలో సాధారణంగా ఉండేవి ట్రాన్స్‌ఫ్లూత్రిన్, ప్రాలెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్లు అనే రకం పురుగుమందులు. నరాల కణాల్లో సోడియం వెళ్లే ద్వారాలను ఇవి వెంటనే మూసుకోనివ్వవు. దోమ గిలగిలా కొట్టుకుని పడిపోయేది అందుకే. అలాంటి ద్వారాలు మన నరాల్లోనూ ఉన్నాయి. మన శరీరం ఆ మందును చాలావరకు విరగ్గొట్టి మూత్రంలో పంపేస్తుంది, నిజమే. కానీ గాలి ఆడని గదిలో రోజూ రాత్రంతా పీలుస్తుంటే తెరిపి ఎక్కడిది? పురుగుమందుల తాకిడికీ పెద్దవాళ్ల నిద్ర సమస్యలకూ సంబంధం కనిపించిన అధ్యయనాలు ఉన్నాయి. అవి కారణాన్ని రుజువు చేయవు కాబట్టి మీరే ఆపి చూడటం మేలు.

రెండు వారాలు దోమతెర కట్టుకోండి, అంచులు పరుపు కిందికి గట్టిగా దోపి. స్ప్రే కూడా కొట్టి ఉంటే అది ఎండ తగలని మూలల్లో, దుమ్ములో చాలాకాలం నిలుస్తుంది. దుప్పట్లు ఉతికి, మంచం కింద తడిగుడ్డతో తుడవండి. చీపురుతో ఊడిస్తే దుమ్మంతా మళ్లీ గాల్లోకే లేస్తుంది. మెషీన్ బదులు కాయిల్ మాత్రం వెలిగించకండి, ఆ పొగ ఊపిరితిత్తులకు మరీ చెడ్డది.

అప్పటికీ నిద్ర కుదరకపోతే గురక, టెన్షన్, థైరాయిడ్ లాంటివి డాక్టర్‌తో చూపించుకోవాలి. ఆయాసం గానీ, ముఖం చిమచిమలాడటం గానీ ఉంటే రెండు వారాలు ఆగకుండా ఇప్పుడే వెళ్లండి.