ఇండోనేషియా మారుమూల దీవుల్లోని పల్లెల్లో జనం ఎలా బతుకుతారు?

ఇండోనేషియాలో దీవులు వేలల్లో ఉన్నాయి, అన్నిచోట్లా ఒకే బతుకు కాదు. అందుకని ఒక్క ఊరి సంగతే చెప్తాను: లెంబాటా దీవి దక్షిణ తీరంలోని లమలేరా.

అక్కడ నేలంతా రాళ్లే, పంట పెద్దగా పండదు. తిండికి సముద్రమే దిక్కు. ఊళ్లో ఎక్కువమంది క్యాథలిక్కులు కాబట్టి మే నెలలో చర్చి ప్రార్థనతో తిమింగలాల వేట సీజన్ మొదలవుతుంది, అక్టోబర్ దాకా నడుస్తుంది. వాళ్ల పాతకాలపు పడవల్లో ఇనుప మేకు ఒక్కటీ ఉండదు, అన్నీ కొయ్య సీలలే. తిమింగలం దగ్గరపడగానే ‘లమఫా’ అనే ఈటెగాడు పొడవాటి వెదురు ఈటెతో సహా దాని మీదికి దూకేస్తాడు. ఒంటి బరువంతా ఈటె మీద పడితే తప్ప అది దిగదు. ఈటె తాడు కాలికి చుట్టుకుందా, ఇక అంతే సంగతులు!

మాంసం వాటాలు పాత కట్టుబాటు ప్రకారమే పంచుతారు, వితంతువులకూ అందుతుంది. ఎండబెట్టిన ముక్కల్ని ఆడవాళ్లు గంపల్లో నెత్తిన పెట్టుకుని వులండోనీ సంతకు వెళ్తారు. కొండ ఊళ్ల వాళ్లకు అవి ఇచ్చి మొక్కజొన్న, అరటిపళ్లు తెచ్చుకుంటారు.

ఈ వేట మీద విమర్శలున్నాయి. కానీ వాళ్లది పొట్టకూటి కోసం చేసే వేట, దాన్ని ఫ్యాక్టరీ ఓడల వేటతో కలిపి తిట్టడం నాకు సబబుగా అనిపించదు. ఇప్పుడైతే పడవలకు మోటార్లూ వచ్చేశాయి.